రాజుగారి చిన్న రైలు: పర్లాకిమిడి స్టేషను కథ

గుణుపురం నుంచి తేరుబలి దాకా కొత్త రైలుమార్గం వేయడానికి 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుందన్న వార్త మన కాలనీల్లో అందరికీ తెలిసిందే. సుమారు 74 కిలోమీటర్ల లైను. అది పూర్తయితే రాయగడ వైపు మిల్లుల్లో పనిచేసేవాళ్లం విజయనగరం చుట్టు తిరక్కుండా నేరుగా గుణుపురం, పర్లాకిమిడి, పాతపట్నం, టెక్కలి మీదుగా నౌపడా చేరుకోవచ్చు. షిఫ్టు మారే వేళ గేటు దగ్గరా, టీ కొట్టు దగ్గరా ఇదే మాట. "ఎప్పటికి అవుతుందో" అని పెద్దవాళ్లు, "అయితే ఎంత టైములో వెళ్తాం" అని కుర్రవాళ్లు.

కుర్రవాళ్లలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గుణుపురంలో ఆగిపోయిన ఆ లైను వయసు నూట ఇరవై ఏళ్లు దాటింది. దాన్ని మొదట వేసింది సర్కారు కాదు, పర్లాకిమిడి రాజు. మన అమ్మమ్మలూ తాతలూ పెట్టె బేడా సర్దుకుని ఈ వైపు వచ్చిన దారుల్లో అదీ ఒకటి. కొత్త పట్టాలు పడకముందే ఆ పాత పట్టాల కథ ఒకసారి చెప్పుకుంటే బాగుంటుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

రాజుకి రైలెందుకు?

మద్రాసు నుంచి కలకత్తా వెళ్లే పెద్ద లైనులో విజయవాడ, కటక్‌ల మధ్య భాగం 1893 నుంచి 1896 లోపల పడింది. అప్పుడు దాని పేరు ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే. సముద్రం ఒడ్డుకు దగ్గరగా, నౌపడా మీదుగా పోయింది. పర్లాకిమిడి ఆ లైనుకి పాతిక మైళ్ల లోపలికి ఉండిపోయింది. అప్పటికే అది పెద్ద జమీందారీకి రాజధాని. కోట ఉంది, బడి ఉంది, కొమ్ముతో బొమ్మలు చేసే పనివాళ్లున్నారు, చుట్టూ వరి పండే పల్లెలున్నాయి. అయినా రాజుగారు మద్రాసు వెళ్లాలన్నా, కలకత్తా వెళ్లాలన్నా ముందు నౌపడా దాకా బళ్ల మీద ప్రయాణం తప్పదు.

అప్పటి రాజు గౌరచంద్ర గజపతి. తన ఊరికి తానే రైలు వేసుకుంటానన్నారు. 1898లో పని మొదలైంది. 1900 ఏప్రిల్ 1న నౌపడా నుంచి పర్లాకిమిడికి బండి నడిచింది. ఖర్చు ఏడు లక్షల రూపాయలు. పాతిక మైళ్ల మీద లెక్కేసుకుంటే మైలుకి ఇరవై ఎనిమిది వేలు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. అయినా మన తూర్పు తీరంలో ఒక జమీందారు సొంతంగా రైలు వేయించి ఊరికి స్టేషను తెచ్చుకున్నాడంటే విశేషమే మరి.

దీన్నే పర్లాకిమిడి లైట్ రైల్వే అన్నారు. పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులు. పెద్ద లైనుకి ఐదున్నర అడుగులు. అంటే సగం కంటే తక్కువ. అలా సన్నగా వేయడానికి కారణం డబ్బే. సన్న లైనుకి తేలిక పట్టాలు చాలు, వంతెనలు చిన్నవైనా సరిపోతాయి, మలుపులు చటుక్కున తిప్పుకోవచ్చు. కొండ పక్కనించీ చెరువు గట్టు మీదనించీ పొలాలు పెద్దగా చెడగొట్టకుండా తీసుకుపోవచ్చు. చిన్న ఇంజను, చిన్న పెట్టెలు. మన వైపు జనం దాన్ని "చిన్న బండి" అనే పిలిచారు. పెద్ద లైనులో పోయేది "పెద్ద బండి".

నౌపడాలో మూటలు దించే వాళ్లు

రెండు లైన్ల ఎడం వేరైతే ఏమవుతుందో మిల్లులో పనిచేసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఒక సైజు పళ్ల చక్రం ఇంకో సైజులో పడదు కదా. పెద్ద బండి పెట్టె చిన్న పట్టాల మీదికి ఎక్కదు. అందుకే నౌపడాలో ప్రతి బస్తా, ప్రతి మూట ఒక బండిలోంచి దించి ఇంకో బండిలోకి ఎక్కించాల్సిందే. మనుషులూ అంతే. పిల్లని చంకనేసుకుని, తట్ట నెత్తిన పెట్టుకుని ఈ ప్లాట్‌ఫారం నుంచి ఆ ప్లాట్‌ఫారానికి పరుగు.

రైల్వే లెక్కల్లో ఇది నష్టం. కానీ నౌపడాలో ఎన్నో ఇళ్లు ఆ దించి ఎక్కించే కూలితోనే బతికాయి. నౌపడా ఉప్పు కొటార్లకి పేరున్న ఊరు. ఉప్పు బస్తాలు లోపలి ఊళ్లకి ఎక్కేవి, లోపలినించి ధాన్యం, చింతపండు, అడవి సరుకు కిందికి దిగేవి. మా అమ్మ వైపు తాత కొన్నాళ్లు ఆ పనే చేశాడు. ఆయన్ని నేను చూసింది తక్కువే. కానీ ఆయన అన్న ఒక మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తుంది. ఎవరైనా పని కష్టంగా ఉందని సణిగితే మా అమ్మ "తాత ఏటనీవోడు? బస్తా బరువు నెత్తికే గానీ ఇంటికి కాదు అనీవోడు" అంటుంది. కూలి పని ఇంటి బరువు తీరుస్తుందని దాని అర్థం.

నష్టంలో మొదలై...

మొదటి ఏళ్లలో ఈ రైలుకి నష్టమే వచ్చింది. రాజు తన సౌకర్యం కోసం వేయించిన బండి కాబట్టి ఎంత కాలం నడుస్తుందో అని అనుమానపడేవాళ్లకి కారణం లేకపోలేదు. 1910 దాటాక కొద్దిగా లాభం కనిపించింది. 1924-25 తర్వాత ఆ లాభం పెరిగింది. ఒక రాజకుటుంబం ఎన్నిసార్లు ఎక్కి దిగితే రైలుకి లాభం వస్తుంది? సంతకి పోయేవాళ్లు, కోర్టుకి పోయేవాళ్లు, పెళ్లిళ్లకి పోయేవాళ్లు, వలస పోయేవాళ్లు, వాళ్ల సరుకులు, వీటితోనే బండి నిండింది. మూడో తరగతి టికెట్టు కొన్నవాళ్లే రాజుగారి రైలుని నిలబెట్టారు.

ఆ లాభం చూసే లైనుని ఇంకా లోపలికి, గుణుపురం దాకా పొడిగించారు. ఒకేసారి కాదు, రెండు విడతల్లో, 1929లో కొంత, 1931లో మిగతాది. దాంతో నౌపడా నుంచి గుణుపురం దాకా మొత్తం 90 కిలోమీటర్ల చిన్న లైను తయారైంది. అప్పటికి రాజు గౌరచంద్రుల కుమారుడు కృష్ణచంద్ర గజపతి.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. విజయనగరం నుంచి పార్వతీపురం, రాయగడ మీదుగా రాయపూర్ పోయే పెద్ద లైను కూడా 1931లోనే పూర్తయింది. అంటే కొండలకి ఆ పక్క ఒక లైను, ఈ పక్క ఒక లైను ఒకే ఏడాది సిద్ధమయ్యాయి. మధ్యలో ఉన్న డెబ్భై నాలుగు కిలోమీటర్లు కలపడానికి అనుమతి రావడానికి మాత్రం 93 ఏళ్లు పట్టింది. మన మిల్లు కుటుంబాల ప్రయాణాలన్నీ ఆ మధ్య ఖాళీ చుట్టూ తిరిగినవే.

రైలుకి అడ్డంగా గీసిన గీత

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. చూడండి, చిన్న రైలు మొదలైన తారీకే, సరిగ్గా 36 ఏళ్ల తర్వాత. ఒడియా మాట్లాడేవాళ్లకి ఒక రాష్ట్రం కావాలని లండన్ రౌండ్ టేబుల్ సమావేశం దాకా వెళ్లి వాదించినవారిలో కృష్ణచంద్ర గజపతి ముఖ్యులు. 1937లో ఆ రాష్ట్రానికి మొదటి ప్రధానమంత్రి కూడా ఆయనే. ముఖ్యమంత్రిని అప్పట్లో అలా అనేవారు. పర్లాకిమిడి జమీందారీని రెండుగా చీల్చి ఊరితో సహా ఒక భాగాన్ని ఒరిస్సాలో కలిపారు. మిగతాది మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది.

అలా నౌపడా, టెక్కలి, తెంబూరు, పాతపట్నం ఈ పక్క, పర్లాకిమిడి నుంచి గుణుపురం దాకా ఆ పక్క అయ్యాయి. పాతపట్నానికీ పర్లాకిమిడికీ మధ్య ఉన్నది మహేంద్రతనయ ఏరు. ఏటి ఈవల ఆడపిల్లని ఆవల ఇచ్చుకున్న ఇళ్లు లెక్కలేనన్ని. మా మామ్మ దాన్ని ఎప్పుడూ రాష్ట్రం అనలేదు. "ఏటవతల" అనేది, అంతే.

అందరికీ అంత తేలికగా పోలేదు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరు మన పిల్లలు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం నాడు వింటారు. ఆయన ఉద్యోగం చేసిందీ, దశాబ్దాల పాటు కాపురం ఉన్నదీ పర్లాకిమిడిలోనే. రాజావారి బడిలో పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. మనం మాట్లాడే తెలుగులోనే రాసుకోవాలి, పిల్లలకి చెప్పుకోవాలి అన్న వాదన ఆయన ఆ ఊళ్లో కూర్చునే నడిపారు. ఈ పత్రికలో మనం ఇలా మాట్లాడుకుంటున్నట్టే రాసుకోగలుగుతున్నామంటే అందులో ఆయన పాలు ఉంది. పర్లాకిమిడిని ఒరిస్సాలో కలపడం ఆయనకి ఇష్టం లేదు. 1936లో కలిపినప్పుడు, డెబ్భై రెండేళ్ల వయసులో, ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1940 జనవరిలో కన్నుమూశారు.

ఒకే ఊరు ఒకరికి ఎన్నాళ్ల కోరికో తీర్చింది, ఇంకొకరికి వదిలిపోవాల్సినంత బాధ పెట్టింది. ఇద్దరిదీ భాష మీద ప్రేమే. మనం ఒడిశాలో బతుకుతున్నాం, మన పిల్లలు ఒడియాలో చదువుతున్నారు, ఇరుగు పొరుగు ఒడియా వాళ్లు మనకి అన్నదమ్ముల్లాంటివాళ్లు. ఈ కథని తగవు కోసం కాదు, రెండు వైపులా ఉన్న మనసు తెలుసుకోవడానికి చెప్పుకోవాలి.

చిన్న బండికి మాత్రం ఈ గీత కనపడలేదు. అదే ఇంజను, అవే పెట్టెలు, అటూ ఇటూ తిరుగుతూనే ఉంది.

మన వాళ్లు నడిచిన దారి

శ్రీకాకుళం, గంజాం వైపు పల్లెల్లో వాన తప్పితే పని తప్పేది. అప్పుడు మనుషులు బయటికి పోయేవాళ్లు. కొందరు ఓడెక్కి రంగూన్ పోయారు. కొందరు పెద్ద బండి ఎక్కి ఖరగ్‌పూర్ రైల్వే కార్ఖానాకి, హుగ్లీ ఒడ్డున జనపనార మిల్లులకి పోయారు. లోపలి పల్లెలవాళ్లకి వీటన్నిటికీ మొదటి మెట్టు చిన్న బండే. పర్లాకిమిడిలోనో తెంబూరులోనో ఎక్కి నౌపడాలో దిగితే అక్కడినించి దేశం తెరుచుకునేది.

1960లలో రాయగడ దగ్గర కాగితం తయారీ మొదలయ్యాక మన వాళ్లకి ఇంకో దారి దొరికింది. మా నాన్న అలా వచ్చినవాడే. ఆయన చెప్పిన ప్రకారం రెండు మార్గాలుండేవి. ఒకటి, చిన్న బండిలో కిందికి నౌపడా దిగి, పెద్ద బండిలో విజయనగరం, మళ్లీ అక్కడ మారి పార్వతీపురం మీదుగా రాయగడ. పట్టాల మీదే పోవచ్చు గానీ దక్షిణానికి దిగి మళ్లీ ఉత్తరానికి ఎక్కాలి. రెండోది, చిన్న బండిలో పైకి గుణుపురం దాకా పోయి, అక్కడినించి బస్సో లారీయో పట్టుకుని కొండదారిలో రాయగడ. దూరం తక్కువ, కుదుపులు ఎక్కువ. నాన్న మొదటిసారి వచ్చింది రెండో దారిలో. చేతిలో దుప్పటి, గుడ్డలో కట్టిన అటుకులు, మిల్లులో పనిచేసే మా పెదనాన్న రాసిన కార్డు.

పెళ్లయ్యాక అమ్మ కూడా అదే దారిన వచ్చింది. ఏటా పండక్కి పుట్టింటికి వెళ్లేది. మా ముగ్గురు పిల్లల్నీ వెంటేసుకుని గుణుపురంలో చిన్న బండి ఎక్కేది. ఆ బండి నెమ్మది గురించి రెండు తరాలు వేళాకోళాలాడాయి. ఎక్కడైనా దిగి, పని చూసుకుని, మళ్లీ నడిచి ఎక్కొచ్చని. పక్కన సైకిలు మీద పోయేవాడు మాకు చెయ్యి ఊపి ముందుకి పోయేవాడు. కానీ ఆ నెమ్మది వల్ల నాకు ఒక మేలు జరిగింది. నేను చదివింది ఒడియా బడి. ఇంట్లో తెలుగు మాటే గానీ తెలుగు అక్షరం లేదు, అమ్మకి చదువు రాదు. ఏరు దాటాక స్టేషను బోర్డుల మీద తెలుగు ఉండేది. బండి ఆగినంతసేపూ నేను ఆ బోర్డునే చూసేవాణ్ని. పాతపట్నంలో ఒకే అక్షరం కాస్త మారుతూ రెండుసార్లు రావడం, తెంబూరులో సున్నా, టెక్కలిలో కింద వత్తు. ఊరి పేరు ముందే తెలుసు కాబట్టి ఏ అక్షరం ఏ మోతో నాకు నేనే కూడబలుక్కున్నాను. ఆ తర్వాతే వరసకి బావ అయ్యే ఆయన ఒకాయన పెద్దబాలశిక్ష ఇచ్చాడు. ఈ రోజు ఈ పత్రికకి రాస్తున్న అక్షరాల్లో సగం నేను ఆ బోర్డుల మీదే నేర్చుకున్నాను.

బండి ఆగిన ఏళ్లు

మొదట బొగ్గు ఇంజన్లు, చివరి కాలంలో డీజిలు ఇంజన్లు చిన్న బండిని లాగాయి. లైను యాజమాన్యం పేర్లూ మారాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అన్నారు, 1955 తర్వాత ఆగ్నేయ రైల్వే, 2003 నుంచి తూర్పు కోస్తా రైల్వే. రోడ్లు మెరుగుపడి బస్సులు పెరిగాక బండిలో జనం తగ్గారు. సన్న లైనుని పెద్ద లైనుగా మార్చాలని ఊళ్లవాళ్లు ఎన్నో ఏళ్లు అడిగారు. 2002లో ఆ పనికి శంకుస్థాపన జరిగింది. 2004 జూన్‌లో చిన్న బండి చివరిసారి నడిచింది. 104 ఏళ్ల నడక అక్కడితో ఆగింది.

పెద్ద పట్టాల మీద 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపురం దాకా మళ్లీ రైలు వచ్చింది. మధ్యలో ఆరేడేళ్లు రైలు లేదు. కాగితం మీద అది చిన్న విరామం. మన ఇళ్లలో అంత చిన్నది కాదు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు కొండదారిలో బస్సు ప్రయాణం మానుకున్నారు. మా అమ్మ ఆ ఏళ్లలో రెండేసార్లు పుట్టింటికి వెళ్లింది. తెంబూరులో ఉన్న మా పెద్దమ్మ ఫోనులో "రాకపోతే మానీ, గొంతైనా ఇనిపించు" అనేది. మా పిల్లల వయసు వాళ్లకి అక్కడి పిల్లలు ఫోటోల్లో ముఖాలైపోయారు. చుట్టరికం తెగదు గానీ నడవని దారిలో గడ్డి మొలిచినట్టు మొలుస్తుంది.

కొత్త లైను వచ్చాక మేలు మేలే. నౌపడాలో మూట దించి ఎక్కించే పని లేదు. గుణుపురంలో ఎక్కినవాళ్లు అదే పెట్టెలో విశాఖపట్నం వెళ్తున్నారు. చదువుకీ, ఆసుపత్రికీ పోయేవాళ్లకి అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు. పాత బండి ముద్దుగా ఉండేదని మళ్లీ రెండున్నర అడుగుల పట్టాలు కావాలని ఎవరూ అనరు. మూట మోసినవాడి మనవణ్నైన నేను అసలే అనను.

ఇప్పుడు మనం చేయగలిగింది

తేరుబలి లైను ఎప్పటికి పూర్తవుతుందో చూద్దాం. పూర్తయిన రోజున 1931లో ఆగిపోయిన రెండు లైన్లు కలుస్తాయి. మన మిల్లు కుటుంబాలు నౌపడాకి నేరుగా వెళ్తాయి. ఆ రోజు ఉపన్యాసాల్లో ఎంత డబ్బు, ఎన్ని వంతెనలు, ఎంత సరుకు అన్న లెక్కలు చెబుతారు. మూడో తరగతి టికెట్టు కొని నష్టంలో ఉన్న రైలుని లాభంలోకి తెచ్చినవాళ్ల పేర్లు ఎవరూ చెప్పరు. ఆ పేర్లు ఏ రిజిస్టర్లోనూ లేవు. మన ఇళ్లలోనే ఉన్నాయి, అదీ ఎనభై దాటిన కొద్దిమంది నోళ్లలో.

అందుకని నాదొక విన్నపం. మీ ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టి నాలుగు సంగతులు అడగండి. ఏ ఊరి నుంచి బయల్దేరారు? ఏ స్టేషనులో ఎక్కారు? ఎవరి మాట మీద ఈ మిల్లుకి వచ్చారు? చేతిలో ఏం పట్టుకుని వచ్చారు? చెప్పింది చెప్పినట్టు, వాళ్ల యాసలోనే రాసుకోండి. "ఎల్లినాం" అంటే "ఎల్లినాం" అనే రాయండి, దాన్ని పుస్తకాల భాషలోకి దిద్దకండి. పిల్లలకి తెలుగు అక్షరాలు రాకపోతే ఒడియా లిపిలోనైనా రాయించండి, తర్వాత పక్కన తెలుగులో రాసి చూపించండి. ఊరి పేరుతో మొదలుపెడితే అక్షరాలు తొందరగా వస్తాయి.

మా అమ్మకి ఇప్పుడు డెబ్భై ఎనిమిది. ఆమె చెప్పింది నేను ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాను. పదకొండు పేజీలయింది. అందులో గౌరచంద్ర గజపతి లేరు, ఏడు లక్షలు లేవు. తెంబూరు స్టేషనులో నీళ్ల కుండ పెట్టి బాటసారులకి పోసే ఒక ముసలమ్మ ఉంది, గుణుపురంలో బస్సు దొరక్క నిలబడిపోతే రాత్రికి తన ఇంటి అరుగు మీద చోటిచ్చిన ఒడియా కుటుంబం ఉంది. ఇలాంటి పుస్తకాలు మన కాలనీల్లో ఇల్లిల్లూ ఒకటి ఉంటే పర్లాకిమిడి స్టేషను చరిత్రలో మిగిలిన సగం అదే అవుతుంది.